మైకు కట్ అయ్యాక

పురపాలక సభలో ఎవరైనా నోరు పారేసుకుంటే అధ్యక్షురాలు వేలెత్తుతుంది. వెంటనే వెనక అద్దాల గదిలో కూర్చున్న మైకక్క బటన్ నొక్కి ఆ మనిషి మైకు కట్ చేస్తుంది. ఆమె ఉద్యోగమే అది.

ఆమెను పీకే సందేహమూ అక్కడే ఉంది. మైకులోంచి వస్తే తప్ప ఆ గదిలోకి మాట రాదు. కట్ చేశాక పెదాలు ఆడుతూ కనిపిస్తాయి గానీ ఒక్క ముక్క వినపడదు. అందులోనూ ఉరుము అని పేరుపడ్డ సభ్యుడొకడున్నాడు. నడవకి అవతల కూర్చునే ఎదుటి పార్టీ పెద్దాయన మీద మాటిమాటికీ ఒంటికాలిపై లేస్తాడు. మైకు పోగానే మాత్రం ఆయన వైపే వంగి ఏదో అంటాడు.

"ఏమంటాడంటావు?" అని ఇంట్లో మొగుణ్ణి వేపుకుతింది.

"మిగిలిపోయిన తిట్లేమోలే. నువ్వు ముందు తిను," అన్నాడాయన కూర వడ్డిస్తూ.

ఆమె కంచం పక్కకు నెట్టింది.

మర్నాడు ఉరుము మామూలుగానే రెచ్చిపోయాడు. అధ్యక్షురాలి వేలు లేచింది. మైకక్క వేలు మాత్రం బటన్ నొక్కకుండా దాని మీదే ఆగిపోయింది. మైకు పోయిందనుకుని ఉరుము కూర్చుని, నడవ వైపు వంగాడు. సభ్యులూ, పైన బాల్కనీలో జనమూ అందరూ విన్నారు.

"అన్నా, గొంతెండిపోయింది, ఆ నీళ్ల సీసా ఇలా ఇవ్వు. రేపు తిట్టే వంతు నీది, మర్చిపోకు."

బాల్కనీ గొల్లుమంది.

మైకక్కను సంజాయిషీ అడిగారు. "వేలు తిమ్మిరెక్కిందండీ," అంది.

ఉరుము మైకు మళ్లీ కట్ చెయ్యాల్సిన పని పడలేదు. ఇన్నేళ్లూ కట్ చేస్తే రాని సిగ్గు, ఒక్కసారి కట్ చెయ్యకపోతే వచ్చింది.