దూది నానేదాకా

ఆ కీర్తన చివర అందరూ ఆగిపోతారు. కార్నెట్లు ఆగుతాయి, ట్రాంబోన్లు ఆగుతాయి. ఒక్క యూఫోనియం మాత్రం మిగులుతుంది. ఒడిలో పసిబిడ్డలా కూర్చునే ఆ పెద్ద ఇత్తడి బాకా ఒకే స్వరాన్ని పట్టుకుని, లోయ మీద మంచు విడిపోయినంత మెల్లగా నిశ్శబ్దంలోకి జారవిడుస్తుంది. క్రాగ్‌లీ ఊరి ఇత్తడి బ్యాండులో ఆ స్వరం గేనర్ హోల్డ్‌స్వర్త్‌ది. అంతకుముందు వాళ్ళ నాన్నది.

ఆ చలికాలం అది మధ్యలో తెగిపోయింది.

మొదటిసారి జలుబనుకున్నారు. రెండోసారి ఎవరూ ఆమె వైపు చూడలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది. మూడోసారి, సాధన ముగిసి ఆమె బాకాను పెట్టెలో పడుకోబెడుతుంటే, బ్యాండు నడిపే ఆల్విన్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"గేనర్, వేసవి రాగానే విట్ శుక్రవారం పండగ, బ్యాండుల ఊరేగింపు. అప్పటికి కుదరకపోతే ఆ స్వరం నార్మన్‌కి ఇస్తాను. ఏమనుకోకు."

"పీక కోసి ఏమనుకోకు అంటావేం?"

పక్క కుర్చీలోని రెండో యూఫోనియం నార్మన్ గొంతు సవరించుకున్నాడు. చెవుల్లో వెంట్రుకలు, మోకాళ్ళలో నొప్పులు, నాలుక మీద వెటకారం ఉన్న ముసలాయన. "నాకొద్దు బాబూ. ఆమె కుర్చీలో మేకు ఉంది, గుచ్చుకుంటుంది" అన్నాడు.

గేనర్ నవ్వలేదు. హాలు వెనక్కి వెళ్ళి సిగరెట్టు వెలిగించింది. పదహారో ఏట ఆ గోడ దగ్గరే, కార్నెట్లు ఊదే కుర్రాళ్ళ ముందు గొప్ప కోసం మొదటిది వెలిగించింది. తర్వాత బడి వంటగదిలో ఉద్యోగం వచ్చింది. ఓ పెళ్ళి వచ్చి పోయింది. బాకా, సిగరెట్టు మాత్రం పోలేదు. ఇన్నేళ్ళూ రెండూ ఒకే ఊపిరితిత్తుల్లో సర్దుకున్నాయి. ఇప్పుడు రెండింటికీ చోటు చాలడం లేదు. పొగ పైకి లేచి వానలో కరిగిపోతుంటే, స్వరానికి చెందాల్సిన ఊపిరి అలా పోతున్నట్టు అనిపించింది ఆమెకు.

మర్నాడు బడి భోజనాలయ్యాక, చేపల దుకాణం పక్కన, సిగరెట్టుకు బదులు ఆవిరి పీల్చే వేప్‌లు అమ్మే షాపు తలుపు తోసింది. బల్ల వెనక ఆకుపచ్చ జుట్టు పిల్ల తలెత్తింది.

"మిస్! మీరా!"

గేనర్ కళ్ళు చికిలించి చూసింది. "టెగన్ కదూ? బఠాణీలు చొక్కా చేతిలో దాచుకునేదానివి."

"ఇప్పటికీ తినను మిస్."

"ఇది మంచిదేనా చెప్పు ముందు."

"గాలికంటే మంచిదేం కాదు మిస్. సిగరెట్టుకంటే మేలు, అంతే. కొన్నాళ్ళకి దీన్నీ వదిలెయ్యాలి." టెగన్ చిటికెన వేలంత గాజు డబ్బా, దాని కింద బ్యాటరీ ఉన్న ఓ వస్తువు ఆమె అరచేతిలో పెట్టింది. "మీట ఐదుసార్లు టకటకా నొక్కితే వెలుగుతుంది. మూత తీసి ద్రవం అంచున పొయ్యండి. నడిమి గొట్టంలో మాత్రం పొయ్యకండి. లోపల దూది ఉంటుంది, అది నానేదాకా ఆగండి. తోసుకోవద్దు, వరసలో నిలబడు అని మీరేగా అనేవారు!"

"నన్నే వరసలో నిలబెడుతున్నావన్నమాట."

"ఏ రుచి ఇమ్మంటారు? రూబార్బ్ కస్టర్డ్ బాగా పోతుంది."

"పొద్దున్నించీ బడి మొత్తానికీ అదే వండి వస్తున్నాను తల్లీ. ఇంటికెళ్ళి అదే పీల్చమంటావా? పొగాకు రుచిదివ్వు."

ఆ సాయంత్రం వంటింటి బల్ల దగ్గర కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చుంది. మీట ఒత్తింది, వెలగలేదు. తలుపు తట్టినట్టు మర్యాదగా నొక్కుతోంది మరి. విసుగొచ్చి టకటకా కొట్టేసరికి చిన్న నీలిదీపం కళ్ళు తెరిచింది. ద్రవం పోసింది. ఆగలేదు. ఈదురుగాలిలో సిగరెట్టు లాగినట్టు బలంగా లాగింది. మాడిన దూది, మాడిన పంచదార గొంతులో దిగాయి. కళ్ళనీళ్ళు వచ్చేదాకా దగ్గింది.

మర్నాడు మాడిన దూది చుట్ట తీసి కొత్తది బిగించింది. బుద్ధిగా పోసింది, బుద్ధిగా ఆగింది. కాకపోతే పొయ్యి మీది ఆవిరికి కళ్ళద్దాలు మసకబారి, పోసింది నడిమి గొట్టంలో. పీల్చగానే గురగురమంది. వేడి చుక్క నాలుక మీద చురుక్కుమంది. పొగాకు రుచి అన్నది తడిసిన గోనెసంచిలా ఉంది.

"నీ మొహానికి ఇదొకటి" అని తననే తిట్టుకుని, దాన్ని చెంచాల సొరుగులో విసిరేసి, సిగరెట్ల పెట్టె తీసుకుని పెరట్లోకి నడిచింది. కాల్చింది. హాయిగానే ఉంది. ఆ హాయి మీదే కోపమొచ్చింది.

లోపలికొచ్చి, కోపం చల్లారక బాకా ఒళ్ళోకి తీసుకుంది. రెండు స్వరాలు ఊదిందో లేదో, వంపులో ఎక్కడో గురగుర. మనిషి ఊపిరి ఇత్తడిలో చల్లబడి నీళ్ళవుతుంది. ప్రతి బాకాలోనూ ఉండే సంగతే. ఆమె వేలు దానంతటదే కిందున్న చిన్న మీట నొక్కింది, పెదాలు గట్టిగా గాలి ఊదాయి, నీటిచుక్కలు పాతగుడ్డ మీద రాలాయి. ఎనిమిదేళ్ళప్పుడు నాన్న నేర్పిన మొదటి పాఠం అది. స్వరం కంటే ముందు నేర్పాడు.

వేలు మీట మీదే ఆగిపోయింది. ఆమె సొరుగు వైపు చూసింది.

వేప్‌ను బయటికి తీసి, తలకిందులు చేసి, కింద గుడ్డ పట్టి, మూతి పెట్టి ఒక్క ఊదు ఊదింది. గొట్టంలోని ద్రవమంతా గుడ్డ మీద మరకైంది. ఈసారి లాగలేదు. దీర్ఘస్వరానికి ముందు ఊపిరి నింపుకునేటప్పటిలా, తొందర లేకుండా, పొట్ట దాకా తీసుకుంది. గురగుర లేదు. మాడు వాసన లేదు. తెల్లని ఆవిరి ఒకటి దీపం కింద కాసేపు నిలబడి, చెప్పకుండా వెళ్ళిపోయింది.

"గొట్టంలో పోశాను" అని ఒప్పుకుంది టెగన్ దగ్గర. "ఊది పంపించేశాను."

"అది చెప్పడం మర్చిపోయా మిస్! ఎవరు నేర్పారు?"

"మా నాన్న." పొగాకు రుచి సీసా బల్ల మీదికి తోసి, "ఆ రూబార్బ్‌దే ఇవ్వు. ఎవరికీ చెప్పకు" అంది.

బ్యాండు హాల్లో నార్మన్‌కి పండగైంది. ఆమె గుమ్మం బయట ఆవిరి వదిలినప్పుడల్లా, "టీ మరిగింది, ఎవరైనా కెటిల్ దింపండర్రా!" అని కేకేసేవాడు. "నీ చెవుల్లో పోస్తాను ఆ టీ" అనేది గేనర్. బడి వంటగదిలో పొయ్యి చెడిపోయిన రోజు ఆమె రెండు సిగరెట్లు కాల్చింది. బఠాణీలు దాచి దొరికిపోయిన పిల్లలా షాపుకెళ్ళి చెప్పింది. టెగన్ నవ్వలేదు. "రేపు మళ్ళీ మొదలెట్టండి మిస్. పుడ్డింగ్ అందరికీ ఉంటుంది" అంది. అది గేనర్ మాటే, ఒకప్పుడు ఏడ్చే పిల్లలకు చెప్పినది.

పొద్దుటి దగ్గు పలచబడింది. ఇంట్లో ఊదితే వంటింటి గుమ్మం దగ్గరే కూలిపోయే స్వరం నడవ దాటింది. ఓ ఆదివారం వీధి తలుపును తాకింది. తలుపు దాటి వీధిలోకి మాత్రం ఇంకా పోలేదు.

విట్ శుక్రవారం వచ్చింది. బ్యాండులన్నీ బస్సుల్లో కొండ పల్లెలు చుట్టబెట్టి, దిగినచోటల్లా వీధి పొడవునా వాయిస్తూ నడిచాయి. తుంపర పడుతూనే ఉంది. చేతుల్లో బీరు గ్లాసులతో, తోపుడు కుర్చీల్లో పసిపిల్లలతో జనం గోడలెక్కి కూర్చున్నారు. చివరి ఊళ్ళో మబ్బు కింది నుంచి ఎండ ఏటవాలుగా జారి ఇత్తడినంతా వెలిగించింది. కీర్తనకు ముందు ఆల్విన్ నార్మన్ చెవి దగ్గర వంగాడు. మెల్లగానే అన్నాడు, గేనర్‌కి వినబడింది.

"తెగితే అందుకో."

నార్మన్ తలూపాడు. ఆమె బాకాను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

కార్నెట్లు ఆగాయి. ట్రాంబోన్లు ఆగాయి. ఆమె దూది నానేదాకా ఆగినంత ఓపిగ్గా ఊపిరి నింపుకుంది, స్వరాన్ని విడిచింది. అది గోడల మీది జనాన్ని దాటింది, తడి రాతిపలకల ఇంటికప్పులు దాటింది, గొర్రెలున్న వాలు దాకా ఎక్కింది. ఎక్కడైతే తెగుతూ వచ్చిందో ఆ చోటు ఎదురొచ్చింది. ఊపిరి దారమంత సన్నబడింది. అయినా స్వరం నిండుగానే సాగుతోంది. నార్మన్ అందుకున్నాడు, అనుకుంది. కళ్ళు మూసుకుని చివరి దాకా పట్టుకుంది.

స్వరం ముగిశాక జనం చప్పట్లు కొట్టడానికి కాస్త ఆలస్యమైంది.

"నువ్వు ఊదావు కదూ?" అని నార్మన్ మీద విరుచుకుపడింది. "సాయం చెయ్యమని అడిగానా నిన్ను?"

అతను కోటు జేబులో చెయ్యి పెట్టాడు. బాకాకు బిగించి ఊదే మూతిబిళ్ళ తీసి చూపించాడు. చేతిలో బాకా చివర బోసినోరులా ఖాళీగా ఉంది.

"నీ స్వరం మొదలవగానే పీకి జేబులో వేశాను."

"సిద్ధంగా ఉండమన్నాడుగా ఆల్విన్?"

"అన్నాడు. ఇది బాకాకి ఉంటే ఊదేసేవాణ్ణి గేనర్. నా మీద నాకు నమ్మకం లేదు."

గేనర్ జేబులోంచి వేప్ తీసి నోట పెట్టుకుంది. రోజంతా నడకకి కదిలిపోయి అది గురగురమంది.

"నీళ్ళు చేరాయి," అన్నాడు నార్మన్. "ఊదు ముందు."

వాలు కింద తర్వాతి బ్యాండు డప్పు మొదలైంది. గేనర్ నవ్వుతూ, దాన్ని తలకిందులు చేసి ఊదింది.