ఎస్తేరమ్మ పలక పరీక్ష

ఫరంపేట ఎస్తేరమ్మ టీచరు కళ్లుగప్పే పిల్ల గోదావరికి ఈ గట్టునా ఆ గట్టునా ఇంకా పుట్టలేదు. పెదవులు చూసి, చదువుతున్నారో అప్పజెబుతున్నారో ఇట్టే చెప్పేస్తుంది. ఆదివారం బడిలో అందరూ బైబిలు వాక్యాలు కంఠతా పట్టేవాళ్లే మరి! అందుకే నాలుగేళ్ల షారోన్ పెద్దపిల్లల పాఠం గడగడా చదివేసి, వాళ్ల బల్లమీద కూర్చుంటాననేసరికి ఆవిడకి అనుమానమొచ్చింది.

"ఎవరే బట్టీ పట్టించింది, మీ నాన్నమ్మా?"

"ఎవరూ కాదండి, నేనే."

మూలనున్న రొయ్యల మేత బస్తా మీది అక్షరాలు చూపిస్తే అవీ చదివేసింది.

"ఇవి మీ ఇంట్లోనూ ఉంటాయిలే" అని ఎస్తేరమ్మ పలకందుకుని, "షారోన్‌ది దొంగ చదువు" అని రాసి ముందు పెట్టింది.

పిల్ల పెదవి కదల్లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నేను దొంగని కాదండి."

ఎస్తేరమ్మ గబగబా పలక తుడిచేసి, పిల్లని ఎత్తుకెళ్లి పెద్దపిల్లల బల్లమీద కూర్చోబెట్టింది. ఆపైన ఆవిడ అనుమానం ఆ బల్లమీదున్న మిగతావాళ్ల మీదకి మళ్లింది.