చెప్పుల కాపలా లేని చోట

మా ఆయన గుడిలోకి రారు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా మాకు పిల్లలు లేరు, నేను మొక్కని దేవుడూ లేడు. పిఠాపురం వెళ్ళినా, కోరుకొండ వెళ్ళినా ఈయనది ఒకటే మాట: "నువ్వెళ్ళి రా, చెప్పులు నేను చూస్తాలే." కోరుకొండ నరసింహస్వామి గుడి మెట్ల కిందే చతికిలబడ్డారు. పైన జంటలన్నీ పక్కపక్కన నిలబడి గోత్రాలు చెప్పుకుంటుంటే, పూజారిగారు నన్ను చూసి "అయ్యగారు రాలేదామ్మా?" అన్నారు. ప్రాణం చచ్చిపోయింది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, దేవుడి ముందు నా పక్కన నిలబడితే చాలు. నేను ఈయన్ని అడిగింది అంతే.

మాది భీమవరంలో రొయ్యల మేత దుకాణం. పోయినేడాది కంపెనీ వాళ్ళు డీలర్లను భార్యలతో సహా అబుదాబి తీసుకెళ్ళి, అక్కడి పెద్ద మసీదు చూపించారు. పనిగట్టుకుని కట్టుకున్న పట్టుచీర మీద నల్లటి పొడుగు గౌను తొడిగించారు, తల కప్పించారు. టూరిస్టులకు దారి వేరట, చెప్పులు విప్పే పనే లేదట. "పాపం, ఇక్కడ మీకు ఉద్యోగం లేదండీ," అని ఈయన్ని దెప్పాను.

లోపలికి అడుగు పెట్టగానే, అలవాటు చొప్పున కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఈయన నా పక్కనే ఉన్నారు. తలెత్తి గుమ్మటం వైపు చూస్తున్నారు. ఫోను మోగితే ఎవరో కూడా చూడకుండా కట్టేశారు. మెల్లగా నా చెయ్యి పట్టుకున్నారు. గైడు పిలుస్తున్నా కదలరే!

సంతోషించాలి కదా? ఒళ్ళు మండిపోయింది. ఆ పాలరాతిని చూసి కుళ్ళుకున్నాను, ఆ తివాచీని చూసి కుళ్ళుకున్నాను, నెత్తిన వేలాడే ఆ దీపాల గుత్తిని చూసి మరీ కుళ్ళుకున్నాను. మా నరసింహస్వామికి ఏం తక్కువైందని? ఇన్నేళ్ళూ కాళ్ళావేళ్ళా పడితే రాని మనిషి, ఊరు కాని ఊళ్ళో, మాది కాని దేవుడి దగ్గర బుద్ధిగా నిలబడ్డాడు. సవతి వచ్చినా నాకింత మంట పుట్టేది కాదేమో.

బస్సెక్కాక ఇక ఆగలేక అడిగేశాను. "ఏమండీ, మన స్వామి ఏం పాపం చేశాడు? అక్కడ గుమ్మం తొక్కరు. ఇక్కడ నా చెయ్యి పట్టుకుని మరీ నిలబడ్డారేంటి?"

ముందు సీట్లో వాళ్ళకు వినపడకుండా ఆయన నా వైపు వంగారు.

"గుళ్ళో నువ్వేం అడుగుతావో నాకు తెలుసే. నువ్వలా కళ్ళు మూసుకుని అడుగుతుంటే పక్కన నిలబడి చూళ్ళేను. ఇక్కడికి ఊరికే చూడ్డానికొచ్చాం. ఏమీ అడగవు కదా అని... ధైర్యంగా నిలబడ్డాను."

నా కుళ్ళంతా ఎటు పోయిందో తెలియదు. ఆయన చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాను.

"అవునండీ, ఏమీ అడగలేదు," అన్నాను.

మసీదు లోపలికి అడుగు పెట్టగానే అడిగేశానని ఇప్పటికీ ఆయనకు చెప్పలేదు.