పిన్ని మేపిన కణాలు

మా పిన్ని ఉద్యోగం కేన్సర్ కణాలను పెంచడం. వినడానికి విడ్డూరంగా ఉంటుంది కానీ, చంపడమెలాగో నేర్చుకోవాలంటే ముందు పెంచాలి కదా! పరిశోధనశాలలో ఒంటివేడి అంత వెచ్చగా ఉండే ఒక పెట్టె, అందులో మూతలున్న చిన్న చిన్న గిన్నెలు, వాటి అడుగున కంటికి ఆనని కణాలు. పైన ఆహారంగా గులాబీరంగు ద్రవం. పాతది తీసి కొత్తది పోస్తుండాలి. ఇంట్లో మేం వద్దు మొర్రో అంటున్నా వడ్డించినట్టే అక్కడా వడ్డించేది. ఆకలి అనే మాట వింటే ఆవిడ చెయ్యి ఊరుకునేది కాదు. కాలేజీ అయ్యాక నేను అద్దాల తలుపు బయట కూర్చుని ఆవిడ కోసం చూసేదాన్ని. ముక్కుకు గుడ్డ కట్టుకుని కళ్లతోనే నవ్వేది. ఎంత కావాలనుకున్నా ఆ సాయంత్రాలు మళ్లీ రావు.

అమ్మకు ఆపరేషన్ చేసినప్పుడు, తీసిన గడ్డలోంచి కొన్ని కణాలను పిన్ని వాళ్ల పరిశోధనకు ఇవ్వడానికి అమ్మే ఒప్పుకుంది.

"నా పీకల మీదికొచ్చినదాన్ని నువ్వు మేపుతావా చెల్లీ? సరే, మేపు. మేపి దాని పని పట్టు" అంది నవ్వుతూ.

అమ్మ ఆ ఏడాది దాటలేదు. ఆ కణాలు మాత్రం పెట్టెలో హాయిగా పెరిగాయి.

వాటి పని పట్టడానికి అక్కడున్నది చల్లటి ప్లాస్మా అనే మంట. సన్నటి గొట్టంలోకి వాయువు పంపి కరెంటు పెడితే కొసన ఊదారంగు మంట వస్తుంది. వేలు పెట్టినా కాలదు. ఆ మంట కింద మిగతా రోగుల కణాలు చచ్చేవి. అమ్మవి ఎన్నిసార్లు పెట్టినా చెక్కుచెదరలేదు. చివరికి పరిశోధన చూసే పెద్దసారు, ఈ రకం గడ్డ మీద మంట పనిచేయదని రాసేసి వీటిని పారేద్దామన్నాడు.

ఆ సాయంత్రం బస్టాపులో పిన్ని నాకు అసలు సంగతి చెప్పింది. మంట పెట్టేముందు ఆహారం తీసేసి ఉప్పునీళ్లు పోయాలట. లేకపోతే మంటలోంచి పుట్టే విషాన్ని ఆ ఆహారమే చాలావరకు పీల్చేసుకుంటుందట. అన్నిటికీ అలాగే చేసేది. అమ్మ కణాలకు మాత్రం కొత్త ఆహారం నిండుగా పోసి పంపేది.

"తెలిసే చేశానే. చివర్లో అక్క గొంతు దిగింది ఏముంది? వీటి ముందు నుంచి కూడా కంచం లాగెయ్యడానికి నాకు చేతులు రాలేదు."

నాకు ఒళ్లు మండిపోయింది. పాముకు పాలు పోయడం అంటే ఇదే కదా! అదే గడ్డతో ఎక్కడో ఇంకెవరి అమ్మో మంచంలో ఉంటుంది. ఆవిడకు పనికొచ్చే దారిని ఈవిడ తన జాలితో మూసేస్తోంది.

"అది అమ్మ కాదు పిన్నీ. అమ్మను తినేసింది" అన్నాను.

 మా బస్సు వచ్చి వెళ్లిపోయినా పిన్ని లేవలేదు.

మర్నాడు సారుకు ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన నానా చీవాట్లూ పెట్టి, మళ్లీ ఆవిడనే చెయ్యమన్నాడు. పిన్ని తన చేత్తోనే ఆహారం తీసింది, ఉప్పునీళ్లు పోసింది, గిన్నెను మంట కింద పెట్టింది.

తర్వాతి రోజు నన్నూ లోపలికి పిలిచారు. మైక్రోస్కోపులో చూస్తే కణాలు ముడుచుకుపోయి, అడుగు వదిలి తేలుతున్నాయి. గిన్నెలో చావడం వేరు, మనిషిలో చావడం వేరు, దానికింకా చాలా దూరముందని సారు అంటూనే ఉన్నాడు. పిన్ని వినలేదు.

"ఇంత తేలిగ్గా చచ్చేదానికా, అక్కను ఇచ్చేశాం?" అంది.

అమ్మ పోయిన రోజు రాని ఏడుపంతా అప్పుడు ఏడ్చింది.