కొండలెక్కినవాడికి భయమేమిటన్నారు

మా బావ పోయాడని ఆమధ్య ఒక పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. గాజువాకలో వాళ్ళింటికి నేను చేరేసరికే వాకిట్లో ఒకాయన చెబుతున్నాడు: "ఆఖరిదాకా నవ్వుతూనే ఉన్నాడండీ. కొండలెక్కిన మనిషి కదా." నాకు ఒళ్ళు మండిపోయింది.

బావది ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం. సెలవొస్తే ఇంట్లో కాలు నిలిచేది కాదు. తొంభైల్లో మా కుర్రాళ్ళందర్నీ వెంటేసుకుని సింహాచలం కొండల్లోకి పోయేవాడు. అందరికంటే నెమ్మదిగా నడిచేవాణ్ణి ముందు పెట్టేవాడు. ఆ లెక్కన ఎప్పుడూ నేనే నాయకుణ్ణి. మధ్యమధ్యలో "కాళ్ళెలాగున్నాయిరా?" అని అడిగేవాడు. పర్లేదన్నవాణ్ణి అస్సలు నమ్మేవాడు కాదు, బూట్లు విప్పించి మరీ చూసేవాడు.

"కొండ మీద మొగోడి వేసాలెయ్యకండ్రా. నొప్పుంటే నొప్పని సెప్పండి. సెప్పనోడినే మొయ్యాల్సొత్తాది" అనేవాడు.

ఒకసారి హిమాలయాలకు వెళ్ళి, శిఖరం కనబడుతుండగానే ఊపిరాడటం లేదని చెప్పి దిగొచ్చేశాడు. ఇక్కడ ఏడిపించనివాడు లేడు. "అంత దూరమెల్లి కొస సూడకుండా వచ్చేసినావేటి బావా?" అంటే, "గాజువాక సూడాలనిపించిందిరా" అని ఊరుకునేవాడు.

తర్వాత ఊపిరితిత్తుల్లో కేన్సరన్నారు. చూడ్డానికి వచ్చినవాళ్ళకి బావ ఉన్నమాటే చెప్పాడు. "కళ్ళు మూసుకోడానికి బయమేత్తంది" అన్నాడు. వాళ్ళు నవ్వారు. "హిమాలయాలకెల్లినోడివి, నీకు బయమేటి బావా" అని భుజం తట్టి, బత్తాయిలు పెట్టి చక్కా పోయారు. ఏం భయమని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు.

కొన్నాళ్ళకి బావ చెప్పడం మానేశాడు. ఎవరడిగినా పర్లేదనేవాడు. ధైర్యం, ధైర్యమని పొగిడి పొగిడి మనిషి నోరు నొక్కేశారు. అక్క ముందు, నా ముందు మాత్రం ఏడ్చేవాడు. ఏడ్చేపాటి నమ్మకం మా మీద ఉంచినందుకు బావకి ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను.

ఇంటి ముందు పెట్టిన సంతాపసభలోనూ అదే పాట. ఆయన గుండెనిబ్బరం చూసి మనమంతా నేర్చుకోవాలట. నేర్చుకోవాల్సింది వేరే ఉందని చెబుదామనుకున్నాను గానీ, వినేవాడేడీ? చివర్లో ఒక పెద్దాయన మైకు పట్టుకుని అక్క దగ్గరకొచ్చి, "నువ్వూ ఆయనలాగే ధైర్యంగా ఉండాలమ్మా" అన్నాడు.

"నానుండలేను బాబూ" అంది అక్క. "ఈ ఇంట్లో ఒక్కద్దాన్నీ ఎలాగుండాలో నాకు తెలట్నేదు."

మాట మైకులో పడి సందు చివరిదాకా వినబడింది. పెద్దాయన గబుక్కున దాని మీద అరచెయ్యి మూశాడు. అక్క ఇంకా మాట్లాడుతూనే ఉంది.