అప్ప ఒలిచిన పప్పు

తొంభైల చివర పలాసలో మా మావ జీడిపప్పు ఫ్యాక్టరీకి నేనే మేనేజర్ని. చదువుకున్నవాణ్ణి కదా, కుదురుగా ఉంటానా? పొట్టు ఒలిచే ఆడవాళ్లు షెడ్డులో కూర్చుని కబుర్లాడుతూ రోజుకూలి తీసుకోవడం నాకు నచ్చలేదు. పప్పు ఇళ్లకే పంపేద్దాం, కిలోకి ఇంతని ఇద్దాం అన్నాను. నెల తిరక్కుండానే పని రెట్టింపయింది. మావ నలుగురిలో మెచ్చుకున్నాడు. ఇక నా కాళ్లు నేల మీద నిలిస్తే ఒట్టు.

ఆ షెడ్డులో అందరూ అప్ప అని పిలిచే పెద్దావిడ ఉండేది. ఉద్దానంలో సముద్రం పక్క ఊరు, తాటాకిల్లు. రోజూ మొదటి బస్సుకి వచ్చేది. ఆవిడ ఒలిస్తే పప్పు విరగడమన్నది లేదు. కొత్తవాళ్లకు పని నేర్పిందీ ఆవిడే. అలాంటి మనిషి ఇంటి దగ్గర ఒలిచి తెచ్చిన మొదటి సంచిలో సగం ముక్కలే. రెండోసారీ అంతే. మూడోసారి అందరూ చూస్తుండగా సంచి బల్ల మీద గుమ్మరించాను.

"ఏటప్పా ఇది? సేతులు పాడైపోనాయా?" అన్నాను.

ఆవిడ ఆ ముక్కల్ని కాసేపు కెలికింది. "అవును బాబూ. వయసైపోనాది. కత్తి నా మాట ఇనడం నేదు" అంది. మర్నాటి నుంచి రాలేదు. నేను కబురైనా పెట్టలేదు.

నాలుగైదేళ్ల తర్వాత ఒక ముసురు రోజున మా ఆవిడ సరదాపడితే పొట్టు తియ్యని పప్పు కొంచెం ఇంటికి తెచ్చాను. ముందుగదిలో పెట్టి మర్చిపోయాం. రెండో రోజు ఒలవబోతే చెమ్మ పట్టిన పొట్టు ఊడదు, లాగితే పప్పే విరుగుతోంది. నా తెలివి తెల్లారినట్టే ఉంది! షెడ్డులో వేడిగదిలోంచి తీసిన పప్పు వెచ్చగా ఉండగానే ఒలిచేవారు. పలాసలో ఉన్నవాళ్లు చెమ్మ పట్టకముందే పని ముగించుకునేవారు. అప్పది బస్సు ప్రయాణం, సముద్రపు గాలి. తప్పు నా ఏర్పాటుది. ఆ రోజు అప్పని అన్న మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

వాళ్ల ఊరు వెళ్లాను. అరుగు మీద కోడలు బియ్యం చెరుగుతోంది. పక్కనే అప్ప ఉత్త చేతులతో కూర్చుంది.

"అత్త ఏ పనీ ముట్టుకోదు బాబూ. సేతులు పనికిరావంటాది" అంది కోడలు.

నేను పక్కన కూర్చుని చెమ్మ సంగతంతా చెప్పాను. అప్ప అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంది.

"అయితే అప్పుడు నా సేతులు బాగానే ఉండీవన్నమాట" అంది.

"బాగానే ఉండీవప్పా."

కోడలి దగ్గర చేట అందుకోబోయింది. ఇన్నేళ్లు పని లేక కొయ్యబారిన వేళ్లు చేట మీద మూసుకోలేదు.