ఛాతీ నిండా గాలి

బేకరీ మేస్త్రి రోజూ పొద్దున్నే మైదా జల్లిస్తాడు. కనుబొమల మీద పిండి, మీసాల మీద పిండి. ఊపిరితిత్తుల్లో ఎంతుందో ఆయనకే తెలియదు. ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తే "ఓవెన్ పాతదైపోయింది" అంటాడు. వయసులో ఉన్నప్పుడు తాను ఊదితే పక్కవీధిలో పొయ్యి ఆరిపోయేదని కోతలు కోస్తాడు. ఆయాసానికి డాక్టరిచ్చిన ఇన్‌హేలర్‌ను మాత్రం బస్తాల చాటుకెళ్ళి దొంగలా పీలుస్తాడు.

ఆ ఉదయం కొట్టు నిండా జనం ఉండగా ఆయన చేతులు ఆగిపోయాయి, భుజాలు చెవులదాకా లేచాయి. "గట్టిగా పీల్చు బాబాయ్!" అని ఎవరో అరిచారు. ఆయన తల అడ్డంగా ఊపాడు. లోపలి గొట్టాలు వాచి బిగుసుకుపోయాయి. పీల్చిన గాలి బయటికి పోవడం లేదు, అది పోతేగాని కొత్తదానికి చోటు లేదు. భార్య గల్లాపెట్టె వదిలి పరుగెత్తుకొచ్చి ఆయన జేబులోంచి ఇన్‌హేలర్ తీసింది. ఆయన జనంకేసి చూసి ముఖం తిప్పుకున్నాడు. "సిగ్గు తర్వాత పడుదురుగానీ, ముందు నోరు తెరవండి. ఉన్న గాలి మెల్లగా వదలండి... ఆఁ, ఇప్పుడు పీల్చండి" అందామె. కాసేపటికి పెదాల నీలం తగ్గింది. "నిన్నటి గాలి ఇప్పుడు బయటికొచ్చిందే" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. రెండోసారి ఇన్‌హేలర్‌ను ఆయనే అడిగి తీసుకుని, అందరి ముందే నోట పెట్టుకున్నాడు.